థర్మామీటర్ లేని నాలుగేళ్ళు

పోయిన వారం మనం ల్యాబ్ మేడమ్‌ని ఒక గేటు ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది కాబట్టి ఇక లోపలికి పంపుదాం. అయితే ఆమె ఆ గేటు దాకా ఎందుకొచ్చిందో ముందు రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. రసాయనాల ఫ్యాక్టరీలో పాత ల్యాబు కూల్చేస్తున్నారు. అందులోని సామానంతటికీ జాబితా రాసే పని ఈమె మీద పడింది. పొగలు లాగేసే ఫ్యూమ్ హుడ్ కింది అరలో పేరు చీటీ ఊడిపోయిన గోధుమరంగు సీసా ఒకటి, దాని వెనకే నూనె మరకల అట్టతో ఒక నోటుపుస్తకం దొరికాయి. పుస్తకంలో ఉన్నది ఆమె తండ్రి దస్తూరీ. ఆయన పోయి ముప్పై ఏళ్ళయింది.

సీసాలో ఏముందో ఎత్తగానే ఆమెకి తెలిసిపోయింది. చూడటానికి అందులో ఉన్నవి నీళ్ళే అనిపిస్తుంది. ఎత్తితే మాత్రం చెయ్యి కిందికి లాగింది. నీళ్ళకి ఒకటిన్నర రెట్లు బరువు. అయినా ఆమె చేతిని నమ్మి చీటీ రాసే రకం కాదు. గ్లవుజులు తొడుక్కుని, హుడ్ ఫ్యాను వేసి, ఒక్క చుక్క తీసి నీళ్ళలో వదిలింది. చుక్క నీళ్ళలో కలవకుండా గుండ్రంగా అడుక్కి దిగి కూర్చుంది. ద్రవాల సాంద్రత తేల్చే గ్రావిటీ బాటిల్లో తూస్తే ఒకటి పాయింట్ నాలుగు తొమ్మిది వచ్చింది. మరిగిస్తే థర్మామీటర్ నూట యాభై ఆరు దగ్గర ఆగింది. బ్రోమోబెంజీన్. బెంజీన్‌కి ఒక బ్రోమిన్‌ని తగిలిస్తే వచ్చే సరుకు. కొత్త చీటీ రాసి అంటించి, సీసాని బీరువాలో పెట్టి తాళం వేసింది. వాసన మాత్రం చూడలేదు. వాసన చూసి సరుకు చెప్పడం అనే విద్య ఆ ఫ్యాక్టరీలో ఒకే ఒక్క మనిషితో పుట్టి ఆ మనిషితోనే పోయింది. ఆ మనిషి ఈ నోటుపుస్తకం రాసినాయనే.

ఆయన్ని ఫ్యాక్టరీ అంతా ముక్కుగారు అనేది. ముక్కు పెద్దదని కాదు, దాని పనితనం పెద్దదని. డ్రమ్ము మూత తియ్యగానే అడుగు దూరంలో నిలబడి, చేత్తో గాలిని తనవైపు విసురుకుని, కళ్ళు మూసుకుని పేరు చెప్పేసేవాడు. సరుకు పాతదైతే పాతదనీ, కల్తీ అయితే ఏం కలిపారో కూడా చెప్పేవాడు. సరుకు తెచ్చిన లారీవాళ్ళు ఆయన్ని చూసి తేలు కుట్టిన దొంగల్లా నోరు మూసుకునేవాళ్ళు. కూతురికి అప్పట్లో బళ్ళో దీన్ని మించిన గొప్ప లేదు. మిగతా పిల్లల నాన్నలు ఆఫీసర్లయితే అవనీ, తన నాన్నది ముక్కు.

బడికి సెలవులొస్తే నాన్నకి మధ్యాహ్నం క్యారేజీ తీసుకెళ్ళే పని ఆమెదే. గేటు దగ్గర వాచ్‌మన్ "బుజ్జమ్మ వచ్చింది, ముక్కుగారికి ఆకలేసింది" అని కేకేసేవాడు. నాన్న అన్నం తిన్నాక చేతులు కడుక్కుని ఆమెని ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి, ముందర రెండు సీసాలు పెట్టేవాడు. రెండిట్లోనూ తెల్లటి నీళ్ళలాంటిదే ఉండేది.

"ఏది నీళ్ళో చెప్పు. మూత తియ్యకూడదు, వాసన చూడకూడదు. ఎత్తి చూడు. వాసన చూడటం నా పని, ఎత్తడం నీ పని."

ఆమె ఎత్తి చూసి చెప్పేది. మొదట్లో తప్పేది, తరవాత తప్పలేదు. అప్పుడాయన బహుమానంగా రెండు గాజుగొట్టాల్లో నీళ్ళు పోసి, ఒకదాంట్లో బెంజీను, ఇంకోదాంట్లో బ్రోమోబెంజీను ఒక్కో చుక్క వేసేవాడు. ఒకటి పైకి తేలేది, ఒకటి మునిగేది. "చూశావా, ఒంటరిగా ఉన్నంతసేపూ హాయిగా తేలింది. ఒక్కరొచ్చి చంకెక్కారో లేదో, మునిగింది. సంసారమంటే ఇదేనే తల్లీ. మీ అమ్మతో అనకు," అనేవాడు. ఆమె ఇంటికెళ్ళి ముందు ఆ మాటే అమ్మతో అనేది. అమ్మ గరిటె పట్టుకునే నవ్వేది. ఆ రోజుల్లో అమ్మ బాగా నవ్వేది.

ఇంకో సరదా కూడా ఉండేది. ల్యాబుకి కొత్త థర్మామీటర్ వస్తే ముక్కుగారు దాన్ని నేరుగా పనిలో పెట్టేవాడు కాదు. ఇంటికి తెచ్చి, వంటింట్లో ఐసు ముక్కల్లో సున్నా చూపిస్తుందో లేదో, మరిగే నీళ్ళలో నూరు చూపిస్తుందో లేదో పరీక్ష పెట్టేవాడు. ల్యాబులో స్టవ్వు లేక కాదు. అంకె చదివే హక్కు కూతురికి ఇద్దామని. స్టోర్సువాళ్ళకి కూడా ఇది తెలుసు. కొత్తది రాగానే "ముక్కుగారింట్లో ఇచ్చేయండి" అని పంపేసేవాళ్ళు.

ఇన్నిటిలోకీ ఆమె దాచిదాచి తలుచుకునే రోజు ఒకటుంది. వెండిపూసల రోజు. పదేళ్ళప్పుడు. ల్యాబు నేల మీద చిన్న చిన్న వెండిపూసలు దొర్లుతున్నాయి. తాకితే ఒకటి రెండవుతోంది, రెండు కలిస్తే ఒకటవుతోంది. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని అట్టముక్కతో వాటిని తోలుతున్నాడు. కిటికీలన్నీ తీసి ఉన్నాయి. ఆమె వరండా గుమ్మంలోంచి "అదిగో నాన్నా, బల్లకింద ఇంకోటి" అని చూపిస్తోంది. చివర్లో నాన్న నేలంతా పసుప్పచ్చటి పొడి చల్లాడు. ఆ పొడి మీద సాయంత్రపుటెండ పడింది. జీవితంలో అంత అందమైన నేల మళ్ళీ చూడలేదని ఆమె ఇప్పటికీ అనుకుంటుంది. మెర్క్యురీ ఎంత ప్రమాదమో కొత్తగా చేరిన పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు కూడా ఆమె గొంతు ఆ రోజు దగ్గర కొంచెం మెత్తబడుతుంది. అది జ్ఞాపకం మహిమ. మనకి ఇష్టమైన ముక్కని కోసి దాస్తుంది, మిగతాదాన్ని అడగనివ్వదు.

ఆ తరవాత కథ అందరికీ తెలిసిందే, ఊళ్ళోవాళ్ళకి మరీ బాగా తెలుసు. నాలుగేళ్ళ తరవాత ముక్కుగారికి అన్నం సయించడం మానేసింది. సాయంత్రాలు ఇంటికొచ్చేసరికి తూలేవాడు. చొక్కా ఏదో తియ్యటి మత్తు వాసన వేసేది. కళ్ళు పచ్చబడ్డాయి. డాక్టరు లివరు పాడైందని చెప్పి, "ఎన్నాళ్ళ నుంచి తాగుతున్నారు?" అని అడిగాడు. తాగనని ముక్కుగారు ఒక్కసారే చెప్పాడు. డాక్టరు నవ్వాడు. నిప్పు లేనిదే పొగ రాదని చుట్టుపక్కలవాళ్ళు కూడా నవ్వారు. ఆమెకి పదిహేనో ఏట ఆయన పోయాడు. అమ్మ ఆయన ఫోటోని ట్రంకు పెట్టెలో అడుగున పెట్టేసింది. కూతురు ఎప్పుడైనా ఆయన మాటెత్తితే, "మీ నాన్న తాగి పోయాడు. ఆ సంగతి అక్కడితో వదిలెయ్," అనేది. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో గోడ మీద ఒక మేకు ఖాళీగా ఉంది.

ఆ మేకుకి ఫోటో తగిలించాలి. ల్యాబ్ మేడమ్‌కి కావలసింది ఇంతే, ఇంతకంటే ఏమీ లేదు. దొరికిన నోటుపుస్తకంలో అందుకు ఆధారం ఉంది. అది డిస్టిలేషన్ లెక్కల పుస్తకం. కాచినప్పుడు ముందు తేలిక బెంజీను ఆవిరై వస్తుంది, అది అయిపోయాక బ్రోమోబెంజీను వస్తుంది, కిందపట్టే ఫ్లాస్కుని సరిగ్గా ఆ గడియలో మార్చాలి. ఆ గడియ చెప్పాల్సింది థర్మామీటర్. కానీ నాలుగేళ్ళ పాటు, ప్రతి పేజీలో, ఉష్ణోగ్రత అని ఉన్న గడిలో అంకె లేదు. అంకె ఉండాల్సిన చోట ముక్కుగారు పెన్నుతో చిన్న ముక్కు బొమ్మ గీశాడు. మొదటిసారి చూసి ఆమె నవ్వింది. పదో పేజీకి నవ్వు ఆగింది. వందో పేజీకి పుస్తకం మూసి, ఆదివారం పొద్దున్నే ఈ గేటు ముందుకి వచ్చింది.

గేటు పెద్ద కెమిస్టుది. అప్పట్లో ల్యాబుకి అధికారి, ముక్కుగారికి పైవాడు. చిన్నప్పుడు ఆమె ఆయన్ని మావయ్యగారూ అని పిలిచేది. గుమ్మం ముందు మూడు మెట్లూ ఎక్కేలోగా, ఇవాళ సార్ అని మాత్రమే పిలవాలని గట్టిగా అనుకుంది.

ఆయనకి ఎనభై దాటాయి. ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుని గోడగడియారం విప్పి పళ్ళచక్రాలు తుడుస్తున్నాడు. కిటికీలో కొలత గీతలున్న గాజుగొట్టాల్లో నీళ్ళు పోసి తీగమొక్కలు పెంచుతున్నాడు. రిటైరైనా మనిషి ల్యాబుని ఇంటికి తెచ్చుకున్నట్టుంది. ఆమెని చూసి "బుజ్జమ్మా" అని లేవబోయాడు. లేవద్దని చెప్పి, ఆమె ఎదురుగా కూర్చుని నోటుపుస్తకం గడియారం చక్రాల పక్కన పెట్టింది.

ఆయన దాన్ని ముట్టుకోలేదు. అట్ట చూసి గుర్తుపట్టాడని ఆమెకి అర్థమైంది. కుశలప్రశ్నలు అటూ ఇటూ రెండు నడిచాయి. లోపల్నించి ఆయన భార్య వచ్చి, ఎంత చిక్కిపోయావే అని నలుగురికీ చెప్పే మాట ఈమెకీ చెప్పి, టీ పెడతానంటూ వెళ్ళిపోయింది. అప్పుడు ల్యాబ్ మేడమ్ రాత్రంతా కూడబలుక్కున్న మాటలు మొదలుపెట్టింది.

"బ్రోమోబెంజీన్ ఒంట్లోకి పోతే ఊరికే ఉండదు సార్. లివరు దీన్ని విరగ్గొట్టబోయి ఇంకా చెడ్డదాన్ని తయారుచేస్తుంది. దానికి విరుగుడు కూడా లివరులోనే కొంత నిల్వ ఉంటుంది. ఆ నిల్వ ఉన్నంతసేపూ మనిషికి ఏమీ తెలీదు. డబ్బా అడుగంటేదాకా ఇంట్లో ఉప్పు సంగతి ఎవరికీ పట్టనట్టు. అది అయిపోయాకే మొదలవుతుంది."

"ఎలుకల్లో," అన్నాడు పెద్ద కెమిస్టు నెమ్మదిగా.

"ఎలుకల్లోనే. మనుషుల సంగతి పుస్తకాలు గట్టిగా చెప్పవు. ఆ హుడ్‌లో బెంజీన్ ఉంది, ఇంకా సవాలక్ష ఉన్నాయి. మా నాన్నని ఏది తీసుకుపోయిందో ఇవాళ తేల్చలేనని నాకు తెలుసు. దీని ఆవిరి పీలిస్తే కళ్ళు తిరుగుతాయి, మత్తుగా ఉంటుంది. మనిషి తూలితే చూసినవాళ్ళు తాగాడనుకుంటారు. అది మాత్రం తేల్చగలను. నాలుగేళ్ళు, రోజూ, ఒక మనిషి చేత వాసన చూపించారా లేదా?"

పెద్ద కెమిస్టు చేతిలో చక్రాన్ని గుడ్డ మీద పెట్టాడు. కాదంటాడని, లేదా అప్పట్లో ఎవరికీ తెలియదంటాడని, దానికి ఏం జవాబు చెప్పాలో కూడా ఆమె సిద్ధం చేసుకుని వచ్చింది. ఆయన ఆ రెండూ అనలేదు.

"చూపించలేదు. ఆపలేదు. నువ్వు రెండూ ఒకటే అంటే నేను కాదనను."

యుద్ధానికి వచ్చినవాడికి కోట తలుపులు తీసి ఉంటే ఎలా ఉంటుందో ఆమెకి అలా అయింది. కోపం చేతిలో పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆ కోపంలోనే, ముప్పై ఏళ్ళుగా తన ఇంట్లో గోడ మీద మేకు ఖాళీగా ఉన్న సంగతీ, అమ్మ నలుగురిలో తలొంచుకుని కుట్టుమిషను తొక్కి తనని చదివించిన సంగతీ చెప్పేసింది. థర్మామీటర్ లేకపోతే దాని బదులు మా నాన్నని బిగించారు అంది. పెద్ద కెమిస్టు భార్య టీ గ్లాసులు తెచ్చి, గది వాలకం చూసి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

పెద్ద కెమిస్టు అట్ట వైపు చూస్తూ అడిగాడు. "పుస్తకంలో మొదటి పేజీ చదివావా?"

చదివానంది. డిసెంబరులో మొదలైందని, తేదీ కూడా చెప్పింది.

"అది రెండోది. మొదటిది అట్టకి అంటించి ఉంటుంది. అంటించింది నేనే."

పొగలు కక్కే టీ గ్లాసు మీదికి ఆయన ఆ అట్టని వంచి పట్టుకున్నాడు. ఎనభై దాటిన చేతులే, అయినా పని తెలిసిన చేతులు. ఆవిరికి పాత జిగురు మెత్తబడ్డాక గడియారం రిపేరుకి వాడే సన్న చాకుతో అంచు లేపాడు. కాగితం కొంచెం చిరిగింది, అక్షరాలు చిరగలేదు. ఆమె వైపు తిప్పి పెట్టాడు.

నాన్న దస్తూరీలో నాలుగు వాక్యాలే ఉన్నాయి. డిస్టిలేషన్ థర్మామీటర్ ఈ రోజు నా చేతిలో పగిలింది. మెర్క్యురీ అంతా ఎత్తేశాను. నేల మీద గంధకం పొడి చల్లాను. కొత్తది వచ్చేదాకా వాసన చూసి ఫ్లాస్కు మారుస్తాను.

ఆమె ఒకసారి చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. గంధకం అన్న మాట దగ్గర కళ్ళు ఆగిపోయాయి. గంధకం పసుప్పచ్చగా ఉంటుంది. ఆ పొడి మీద సాయంత్రపుటెండ పడితే చాలా అందంగా ఉంటుంది.

ముప్పై అయిదేళ్ళుగా అందమైన ముక్కని మాత్రమే చూపించిన జ్ఞాపకం, ఆ గదిలో, టీ చల్లారుతుండగా, మిగతా ముక్కని కూడా తెచ్చి ఒళ్ళో పడేసింది. ఆ రోజు నాన్న పక్క గదిలో ఉన్నాడు. ఆమెకి ఏమీ తోచలేదు. స్టూళ్ళన్నీ వరసగా పెట్టి పంతులమ్మ ఆట మొదలుపెట్టింది. పంతులమ్మకి బెత్తం కావాలి. స్టాండుకి తగిలించి ఉన్న పొడుగాటి గాజుపుల్ల బెత్తంలాగే ఉంది. లెక్క తప్పు చేసిన మూడో స్టూలుకి గట్టిగా ఒక్కటిచ్చింది. పుల్ల విరిగింది. వెండిపూసలు దొర్లాయి. నాన్న పరుగున వచ్చి మొట్టమొదట ఆమె చేతులు తిప్పి చూశాడు, గాజు గుచ్చుకుందేమోనని. గుచ్చుకోలేదు. చేతులు కడిగి ఆమెని వరండాలోకి పంపి, కిటికీలు తీసి, తరవాతే పూసలు ఏరాడు. ఆమె ఏడుపు మొదలుపెట్టబోతే, "అది ఎలాగూ పాతదయిపోయింది, నువ్వు చూడకూడని సర్కస్ ఒకటి చూపిస్తా చూడు," అన్నాడు. ఆమె ఏడుపు మానేసి సర్కస్ చూసింది. పూసలు ఎక్కణ్ణించి వచ్చాయో ఆ తరవాత ఒక్కసారి కూడా అనుకోలేదు.

"నేను ఆ రోజు గాజు తలుపు అవతలే ఉన్నాను," అన్నాడు పెద్ద కెమిస్టు. "మీ నాన్న పేజీ తెచ్చి సంతకం పెట్టమన్నాడు. ఎవరు పగలగొట్టారో నాకు తెలుసని ఆయనకి తెలుసు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. సంతకం పెట్టాను."

"అట్టకి ఎందుకంటించారు?"

"ఎప్పటికైనా నీ చేతికి వస్తుందేమోనని. ఒకరికి మాటిచ్చాను, నీకు తెలియనివ్వనని. ఇవాళ నువ్వు నన్ను దోషిని చేసి వెళ్ళిపోతే మాట నిలబడేది. కానీ నువ్వు గోడ మీద మేకు గురించి చెప్పావు. ఆ మేకు సంగతి నాకు తెలీదమ్మా."

ల్యాబ్ మేడమ్ ఏడ్చింది. చిన్నపిల్లలు ఏడ్చినట్టు, ముక్కు కారుతుంటే చూసుకోకుండా ఏడ్చింది. నాన్న పేరు మీద మచ్చ తుడుద్దామని వచ్చింది, ఆ మచ్చ తన చేతిదేనని తేలింది. మాటిచ్చింది నాన్నకేనని ఆమె అనుకుంది. పోయేముందు కూడా కూతురి చేతికి గాజు గుచ్చుకోకుండా చూసుకున్నాడని అనుకుని ఇంకా ఏడ్చింది. పెద్ద కెమిస్టు ఓదార్చలేదు. గడియారం తుడిచే గుడ్డ తీసి ఇవ్వబోయి, అది నూనె గుడ్డ అని చూసుకుని, తన పైకండువా ఇచ్చాడు.

కొంత తేరుకున్నాక ఆమెకి ల్యాబు బుర్ర పనిచేసింది. పదేళ్ళ పిల్ల పగలగొట్టింది సరే. పగిలిన థర్మామీటర్ బదులు కొత్తది తెప్పించడానికి నాలుగేళ్ళెందుకు?

"అదేంటి మావయ్యగారూ, మీరు కొత్తదానికి రాయలేదా?" అంది. మూడు మెట్ల మీద చేసుకున్న ఒట్టు ఎప్పుడు గట్టున పెట్టిందో ఆమెకే తెలియదు.

"మర్నాడే రాశాను. ఆరు వారాల్లో వచ్చింది కూడా. ఆ వారం మీ నాన్న జ్వరంతో ఇంట్లో ఉన్నాడు. మామూలుగానే మీ ఇంటికి పంపాం, వంటింటి పరీక్షకి." పుస్తకం చివరి అట్టకున్న సంచిలోంచి ఆయన పాత రసీదు ఒకటి లాగాడు. "జ్వరం తగ్గి వచ్చాక అడిగాను, కొత్తదేదయ్యా అని. నాకు ముక్కుండగా అదెందుకండీ అని నవ్వాడు. పొగరనుకున్నాను. నాకూ ఆ ముక్కంటే ముచ్చటగానే ఉండేది, నలుగురికీ చూపించేవాణ్ణి. ఇంకోసారి అడగలేదు. నా తప్పు అది. అదొక్కటీ నాదే."

ఆమె రసీదు చూసింది. డిస్టిలేషన్ థర్మామీటర్, ఒకటి, చెక్కపెట్టెతో. ముట్టింది అన్నచోట ఉన్న సంతకం నాన్నది కాదు. అక్షరాల తలకట్లు ఎడమవైపుకి వాలి ఉన్నాయి. ఆ సంతకం ఆమె ప్రోగ్రెస్ కార్డుల మీద పన్నెండేళ్ళు చూసింది.

అమ్మది.

ఇంటికి నడిచి వెళ్ళే ఇరవై నిమిషాలూ ఆమెకి ఒకటే కళ్ళముందు కదిలింది. అమ్మ బీరువాలో, చీరల కింద, నీలం గుడ్డలో చుట్టిన పొడుగాటి సన్న చెక్కపెట్టె. చిన్నప్పుడొకసారి తియ్యబోతే, "అది నా కొలబద్దల పెట్టె, ముట్టుకోకు," అంది అమ్మ. బట్టలు కుట్టే మనిషి దగ్గర కొలబద్దల పెట్టె ఉండటంలో వింతేముంది? కాకపోతే అమ్మ కొలబద్దలన్నీ మిషను పక్కన మేకులకి వేలాడుతుంటాయి. ఈ మాట కూడా ఆమెకి నలభై అయిదో ఏట, నడిరోడ్డు మీద తట్టింది.

అమ్మ కిటికీ దగ్గర మిషను తొక్కుతోంది. డెబ్బై దాటినా దారం ఎక్కించడానికి ఎవరినీ పిలవదు. కూతురు గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే తలెత్తకుండానే, ఆ పెద్దాయన ఏమన్నాడని అడిగింది.

"పుస్తకంలో మొదటి పేజీ అట్టకి అంటుకుపోయి ఉంది. విడదీశాం," అంది కూతురు.

మిషను ఆగింది. అమ్మ సూది కిందినుంచి గుడ్డ లాగి, దారం తెంపి, మడిచి పక్కన పెట్టింది. అన్నీ వరసగా, తొందర లేకుండా చేసింది. తరవాత కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"చెప్పేశాడన్నమాట. ముప్పై ఏళ్ళు నిలబెట్టాడు, ఇంకో నాలుగేళ్ళు నేను పోయేదాకా ఆగలేకపోయాడు."

"ఆయన మాటిచ్చింది నీకా?"

"మరెవరికనుకున్నావు? మీ నాన్న పోయిన వారానికి వచ్చి, ఇదే గదిలో కూర్చుని, అంతా చెప్పి ఏడ్చాడు. నీకు చెప్పనని ఒట్టు వేయించుకుని పంపాను."

కూతురు అక్కడే నేల మీద కూర్చుంది. తాగి పోయాడన్న మాట ఈ ముప్పై ఏళ్ళలో అమ్మ ఎన్నిసార్లు అన్నదో గుర్తొచ్చింది. అన్న ప్రతిసారీ అమ్మ చూపు తన మీద కాక గోడ మీద ఉండటం కూడా ఇప్పుడే గుర్తొచ్చింది.

"నీకు తెలిసే అన్నావా అమ్మా ఆ మాట?"

"తాగి పోయాడంటే మీ నాన్న మీద నీకు కోపం వస్తుంది. కోపంతో మనిషి బతుకుతుంది, చదువుకుంటుంది, ఉద్యోగం చేస్తుంది. నీ వల్ల అని తెలిస్తే? పదిహేనేళ్ళ పిల్లవి. నాకు మిగిలింది నువ్వొక్కదానివి. పోయినాయన పేరు అమ్ముకుని ఉన్నదాన్ని కాపాడుకున్నాను. పాపమో పుణ్యమో నాకు తెలీదు." అమ్మ గోడ మీద ఖాళీ మేకు వైపు చూసింది. "ఫోటో ట్రంకు పెట్టెలో బోర్లా పెట్టాననుకుంటున్నావు కదూ. వెల్లకిలానే పెట్టాను. రోజూ చూసుకోవడానికి."

వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. కూతురు పైట చెంగుతో మొహం తుడుచుకుని, ఒళ్ళో ఉన్న రసీదు తీసి మిషను బల్ల మీద పెట్టింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకోకుండానే అదేమిటో గుర్తుపట్టింది. ఇంతసేపూ లేని భయం ఆమె మొహంలోకి అప్పుడొచ్చింది.

"ఇది కూడా దాచాడా ఆయన?" అంది.

"కొత్త థర్మామీటర్ నీ చేతికొచ్చింది. నాన్న చేతికి వెళ్ళలేదు. ఎందుకమ్మా?"

అమ్మ దారపు ఉండల డబ్బా మూత తీసి, అడుగునుంచి బీరువా తాళంచెవి తీసి, రసీదు మీద పెట్టింది.

బీరువా తలుపు కిర్రుమంది. చీరల కింద నీలం గుడ్డ అలాగే ఉంది, చివర రెండు ముళ్ళు వేసి. ల్యాబ్ మేడమ్ రెండు చేతులతో ఆ పెట్టెని బయటికి తీసింది. ముడి విప్పబోయి ఆగింది. జీవితంలో కొన్ని వేల థర్మామీటర్ల పెట్టెలు ఎత్తిన చేతులవి. ఎత్తు స్టూలు మీద కూర్చుని, మూత తియ్యకుండా, వాసన చూడకుండా, బరువుతో సరుకు చెప్పడం నేర్చుకున్న చేతులవి.

ఆ పెట్టెలో ఉన్నది థర్మామీటర్ కాదు. మరేమిటో వచ్చే వారం ముడి విప్పి చూద్దాం.